పైడమ్మ సడలించిన తీగ

అనగనగనగా, ఏటవతల ఒక ఊళ్ళో మంగతాయారని ఒకావిడ ఉండేది. పాటంటే ఆవిడదే పాట. వెనకాల తంబురా మీటడానికి పైడమ్మ, మద్దెల వాయించడానికి గవరయ్య. ముగ్గురూ పాలపళ్ళు ఊడకముందు నుంచీ స్నేహితులు. తాయారు పాడితే పైడమ్మ మీటేది, పైడమ్మ మీటితే గవరయ్య వాయించేవాడు, గవరయ్య వాయిస్తే ఊరంతా తలలూపేది. ఊ కొట్టండర్రా, లేకపోతే నేనూ పడుకుంటా.

అలా పాడుతూ పాడుతూ ఆడవాళ్ళిద్దరికీ జుట్టు నెరిసింది. గవరయ్యది బట్టతల, నెరవడానికేముందిలే. మోకాళ్ళు అరిగినా, చూపు తగ్గినా, గొంతుకి మాత్రం ముసలితనం రాలేదని తాయారుకి మహా గర్వం. ఉండదూ మరి?

ఆ పాట సంగతి రాజుగారి చెవిన పడింది. కోటకొచ్చి పాడమన్నాడు, సభకి నచ్చితే ఆస్థానంలోనే ఉండిపొమ్మన్నాడు. అయితే తంబురాకీ మద్దెలకీ మా వాళ్ళున్నారు, ఒక్కదానివే రమ్మన్నాడు. రాజులకి అన్నీ వాళ్ళవే కావాలి కదా.

తాయారు పట్టుచీర కట్టుకుంటుంటే పైడమ్మ వచ్చి గుమ్మం పట్టుకు నిలబడింది. నసిగి నసిగి, అక్కా, అక్కడ శ్రుతి కాస్త తగ్గించమని అడుగు, అంది. తాయారుకి ఒళ్ళు మండిపోయింది. నా గొంతుకేమొచ్చింది, నన్నొక్కదాన్నే పిలిచారని నీకు కడుపుమంట, అనేసింది. చూశారా ఎంత మాటందో. పైడమ్మ పాపం ఆవిడ కుచ్చిళ్ళు సర్ది వెళ్ళింది.

ఊ కొడుతున్నారా? సభలో ఆస్థానం తంబురా ఆవిడ, ఏ శ్రుతి పెట్టమంటారమ్మా అని అడిగింది. చిన్నప్పట్నుంచీ పాడే శ్రుతి చెప్పి, అదే పెట్టమంది తాయారు. ఆవిడ తీగ బిగించింది. పల్లవి ఎలాగో గట్టెక్కింది. పైకెళ్ళేసరికి గొంతు జీరపోయి, పలికీ పలక్క ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తాయారుకి ప్రాణం పోయినంత పనైంది. పైడమ్మ ఆ మాట ఎందుకందో అప్పుడు తెలిసింది.

బయటికొచ్చేసరికి కోట గుమ్మం దగ్గర ఎవరున్నారనుకున్నారు? పైడమ్మా, గవరయ్యా. తంబురా, మద్దెల పక్కన పెట్టుకుని మరమరాలు తింటున్నారు. అంతలేసి మాటలన్నా వెనకాలే వచ్చారు, పిచ్చివాళ్ళు. ఎప్పట్నుంచే తగ్గిస్తున్నావు, అని అడిగింది తాయారు. నీ జుట్టు నెరవడం మొదలైనప్పట్నుంచీ ఏడాదికింతని తీగ సడలిస్తున్నానక్కా, గవరయ్య మద్దెల దానికి తగ్గట్టు సవరించుకుంటున్నాడు, అంది పైడమ్మ తలొంచుకుని. నాకెందుకు చెప్పలేదే అంటే గవరయ్య అందుకున్నాడు.

"చెప్తే నువ్వు పాట మానేస్తావు. నువ్వు మానేస్తే మేమేమైపోవాలి?"

తాయారు ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఇద్దరి రెక్కలూ పట్టుకుని సభలోకి లాక్కెళ్ళింది. మహారాజా, నా గొంతు ముసలిదైంది, వీళ్ళకి ఎప్పుడో తెలుసు, నాకే ఇవాళ తెలిసింది, ఈ ముసలి గొంతుతోనే ఒక్క పాట వినండి, అంది. అందరూ వింటుండగానే పైడమ్మని శ్రుతి తగ్గించమంది. పైడమ్మ తగ్గించింది. మొహమాటపడకే, ఇంకా తగ్గించు, అంది.

అప్పుడు పాడిందర్రా. ఇందాక నవ్వినవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు.

రాజుగారు ఉండిపొమ్మంటే, ముగ్గురమైతేనే ఉంటామంది. ముగ్గురికీ పక్కపక్కనే ఇళ్ళిచ్చాడు, హాయిగా ఉన్నారు. మన లోటు తెలిసి కూడా పక్కనే కూర్చునేవాళ్ళమీద ఎప్పుడూ నోరు పారేసుకోకండి. తాయారు ఇంక బతికున్నన్నాళ్ళూ, పాట ఎత్తుకునే ముందు తనే వెనక్కి తిరిగి, ఇవాళ ఎంత తగ్గిద్దామే, అని అడిగేది.

కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరుదాం.