సాలీడు దారం వల ఎలా అయింది

ఒకప్పుడు సాలీళ్లకు వల అల్లడం తెలియదు. నేలమీద పరుగెత్తి, ఎగిరి దూకి పురుగులను పట్టుకునేవి. కడుపులో దారం ఉండేది, నిజమే. కానీ దానితో ఒకటే పని. గుడ్లు పెట్టాక వాటి చుట్టూ తెల్లని సంచీ అల్లి, మూతి బిగించేవి. మళ్లీ గుడ్లు పెట్టేదాకా దారం జోలికి పోయేవి కావు.

ఆ రోజుల్లో ఒక జొన్నచేను గట్టున తంగేడు చెట్టు మీద సుంకమ్మ అనే సాలీడు కాపురం ఉండేది. పరుగులో ఆమెను మించినవాళ్లు ఆ గట్టున లేరు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

వానలు తగ్గుముఖం పట్టాక సుంకమ్మ మూడు వందల గుడ్లు పెట్టింది. కొమ్మ పంగలో సంచీ అల్లి, గుడ్లన్నీ అందులో దాచి, తిండి వెతుక్కుందామని బయలుదేరింది.

రెండు కొమ్మలు దిగిందో లేదో, వెనకాల ఆకులు గలగలమన్నాయి. చూస్తే తొండ. తల ఆడిస్తూ సంచీ వైపు ఎక్కుతోంది. సుంకమ్మ ఒక్క ఉదుటున వెళ్లి దాని ముక్కు మీద కరిచింది. తొండ జారి కింద పడింది.

"ఇవాళ కాపలా ఉన్నావు. రేపు నీకు ఆకలేయదా? నువ్వు అటు పోగానే నేనిటు వస్తా," అని తొండ చెట్టు కిందే కూర్చుంది.

సుంకమ్మ మూడు రోజులు సంచీని వదల్లేదు. నాలుగో రోజుకు ఆకలికి నీరసించిపోయింది. కళ్లముందే ఈగలు, దోమలు ఎగిరిపోతున్నాయి. వాటి వెంట పరుగెత్తితే గుడ్లు పోతాయి. పరుగెత్తకపోతే తను పోతుంది. తను పోయాక గుడ్లు ఎలాగూ పోతాయి.

ఐదో రోజు గాలికి సంచీ మూతి దగ్గర ఒక పోగు ఊడింది. సుంకమ్మ కొత్త పోగు తీసి కట్టబోయింది. ఓపిక లేక ఆ పోగు కాలి నుంచి జారి పక్క రెమ్మకు తగులుకుంది. అంతలో ఒక ఈగ వచ్చి, పోగును చూసుకోక దానికి అంటుకుపోయింది. గిలగిలా కొట్టుకుంది. ఊడి రాలేదు. సుంకమ్మ నాలుగడుగులు వేసి ఈగను తినేసింది.

కడుపులో పడ్డాక ఆ పోగు వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి ఇంకో పోగు లాగింది.

అటుగా జొన్నగింజ మోసుకుపోతున్న గండుచీమ ఓబులయ్య ఆగాడు. "అదేం పని సుంకమ్మా? దారం గుడ్ల కోసం కదా. మీ అమ్మ ఇట్లా చేసిందా? మీ అవ్వ చేసిందా?"

"చేయలేదు ఓబులయ్యా. వాళ్ల చెట్టు కింద తొండ కూర్చోలేదేమో."

"గుడ్లకు చుట్టే దారంతో ఈగల్ని పడితే మైలపడదా?"

"పిల్లలు బతకడానికే పడుతున్నా. దారం నా కడుపులోది, ఎట్లా వాడాలో నేను చూసుకుంటా. నువ్వు కాస్త జరుగు, అక్కడొక పోగు కట్టాలి."

ఓబులయ్య గింజతో సహా జరిగాడు.

మొదటి వల గాలికే తెగింది. రెండోదాన్ని ఒక మిడత చింపుకుని పోయింది. మూడోసారి సుంకమ్మ నడిమధ్య నుంచి మొదలుపెట్టి గుండ్రంగా అల్లుకుంటూ వచ్చింది. పొద్దు వాలేలోగా రెండు దోమలు, ఒక రెక్కలపురుగు పడ్డాయి. సంచీ పక్కనుంచి కదలకుండానే ఆమె కడుపు నిండింది.

తొండ ఊరుకోలేక ఒకసారి ఎక్కి చూసింది. మూతి నిండా జిగట దారం చుట్టుకుంది. కొమ్మకు మూతి రుద్దుకుని, రుద్దుకుని, చేను అవతలికి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు గుడ్లు పగిలి మూడు వందల పిల్లలు బయటికొచ్చాయి. చెట్టు మీద కాలు పెట్టే చోటు లేదు. అన్నిటికంటే చిన్నది కొమ్మ కొసకు పోయి, వెనకభాగం పైకెత్తి, గాల్లోకి ఒక పోగు వదిలింది.

"అమ్మా, నన్నేదో లాగుతోంది," అంది. అనేలోపే లేచిపోయింది.

సుంకమ్మ కొమ్మ కొసకు పరుగెత్తింది. "గాలీ, నా బిడ్డను ఎక్కడికి తీసుకుపోతున్నావు?"

"నాకూ తెలియదు. దారం వదిలింది తనే. నేను మోస్తున్నానంతే," అంది గాలి.

పైనుంచి చిన్నదాని గొంతు వినిపించింది. "అమ్మా, ఇక్కణ్ణుంచి చేనంతా కనిపిస్తోంది."

ఆ గొంతులో భయం లేదు. కనుమరుగయ్యేదాకా సుంకమ్మ చూస్తూనే ఉంది. ఇటు తిరిగేసరికి మిగతా పిల్లలన్నీ తన వైపే చూస్తున్నాయి.

"వెళ్లండి. దిగినచోట ముందు వల వేసుకోండి," అంది.

అప్పటినుంచే సాలీళ్లు వల అల్లి మధ్యలో కూర్చుంటున్నాయి. అప్పటినుంచే వానలు తగ్గాక పొద్దుటిపూట చేనుగట్టున నడిస్తే, కంటికి కనిపించని సన్నటి దారం మొహానికి తగులుతూ ఉంటుంది. దాని కొసన ఒక సాలీడు పిల్ల, ఎక్కడికో తెలియకపోయినా, ధీమాగా పోతూ ఉంటుంది.