టోపీ వెనక రన్‌వే

ప్రసూన బాధ ఒక్కటే. ఇంజను ఆగిందంటే చాలు, ఆమె విమానం రన్‌వే దాకా రాదు.

నిజంగా ఆపరనుకోండి. విమానం నడపడం నేర్పే దస్తగిరి మాస్టారు బాగా పైకి వెళ్లాక ఇంజను పూర్తిగా తగ్గించేసి, ఇది చచ్చిందనుకుని దిగమనేవారు. రన్‌వే ఇంకా అల్లంత దూరాన ఉండగానే జొన్నచేలు మీదికి వచ్చేసేవి. మాస్టారు మళ్లీ ఇంజను పెంచేవారు. రేపు పరీక్ష. ఇవాళా ఇంతే అయితే పంపనని ఆయన మొహమాటం లేకుండా చెప్పేశారు. అదే న్యాయం కూడా. ఎప్పుడో ఇంజను నిజంగానే ఆగితే పక్కన మాస్టారు ఉండరు కదా.

తెలియక కాదు. ముక్కు కాస్త దించి, వేగం ముల్లు అరవై అయిదు మీద నిలిపితే విమానం అన్నిటికంటే ఎక్కువ దూరం జారుతుంది. ముక్కెత్తితే వేగం చచ్చి, గబగబా కిందికి దిగిపోతుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. కానీ రన్‌వే దూరంగా కనబడేసరికి గుండె ఝల్లుమనేది, చేతులు వాటంతటవే విమానాన్ని నడిపే కర్రను వెనక్కి లాగి ముక్కు ఎత్తేసేవి. పాపం, ఎవరి చేతులైనా అంతే.

ఆ పొద్దున మాస్టారు ఇంజను తగ్గించారు. ప్రసూన రన్‌వే వైపు తిరిగింది. దూరం చూసింది. చేతులు బిగిశాయి, ముక్కు లేవసాగింది.

మాస్టారు నెత్తిమీది టోపీ తీసి, ఆమె ఎదుట అద్దానికి అడ్డంగా పట్టుకున్నారు. రన్‌వే కనబడకుండా పోయింది.

"మాస్టారూ, నాకు రన్‌వే కనబడట్లేదు."

"ముల్లు కనబడుతోందిగా."

చేసేదేం లేక ముక్కు దించింది. కిందికి పోతున్నామని ఏడుపొచ్చినంత పనైంది. ముల్లు అరవై అయిదుకి వచ్చింది. అక్కడే ఉంచింది. టోపీ పక్కనుంచి బయటికి చూస్తూ మాస్టారు, కాస్త ఎడమకు, చాలు, అంటూ కూర్చున్నారు.

చాలాసేపటికి టోపీ తీశారు. జొన్నచేలు వెనకబడిపోయాయి. రన్‌వే ఎదురుగానే ఉంది. ఇంజను ఎవరూ ముట్టుకోకుండానే చక్రాలు నేలను తాకాయి.

కిందికి దిగాక మాస్టారు రేపు పొద్దున్నే పరీక్షకు వచ్చేయమన్నారు. ప్రసూనకి సంతోషంతో పాటే భయమూ పట్టుకుంది.

"రేపు మీరు పక్కన ఉండరు. మీ టోపీ ఇస్తారా మాస్టారూ?"

ఆయన టోపీ దులిపి నెత్తిన పెట్టుకున్నారు.

"ఇది ఎండకమ్మా," అని నడుచుకుంటూ వెళ్లిపోయారు.