తౌడమ్మ రాళ్ళ వరస

అనగనగా అనడానికి ఇంకా ఎవరికీ నోరు తిరగని రోజుల మాట ఇది. తూరుపు కొండల కింద బొమ్మిగొంది అని ఒక ఊరు. ఆ ఊళ్ళో తౌడమ్మ అని ఒక ఆడమనిషి. ఆమె ఆస్తి ఒక సుత్తి, ఒక ఉలి, ఒక నోరు. మూడూ గట్టివే.

ఆమె పని తిరగళ్ళకి కక్కు కొట్టడం. తిరిగీ తిరిగీ తిరగలి రాయి నున్నబడిపోతుంది, గింజ నలగదు. అప్పుడు ఉలితో రాయంతా సన్నగా గంట్లు పెట్టాలి. అదే కక్కు. మొగుడు పోయాక తౌడమ్మ తమ్ముడి ఇంటి వెనక పాకలో ఉంటూ, ఊరూరా తిరిగి ఆ పని చేసేది. ఇంత చోడిపిండి, అదే రాగిపిండి, పెడితే చాలు. పని అయ్యాక రాలిన పెచ్చుల్లో మంచిది ఒకటి ఏరి చెంగున ముడేసుకునేది. ఇంటికొచ్చి పాకలో మట్టి అరుగు మీద వరసలో పెట్టేది. వరస అంటే వరసే. తుడిచేటప్పుడు ఎవరైనా ఒక్క పెచ్చు జరిపితే ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు.

ఎందుకు పేరుస్తోందో మొదట్లో ఆమెకీ తెలీదు. ఆ రాళ్ళలో ఎర్రటి గింజలుండేవి. పడమట ఒక ఊరి తిరగలిలో ఆవగింజంత. అక్కణ్ణుంచి రెండు రోజులు ఇటు నడిచి వస్తే ఇంకో ఊళ్ళో కందిగింజంత. మరో రెండు రోజులు నడిచి సొంతూరికొస్తే రేగిపండంత. అదే ఆవగింజ ఊరు దాటి ఇంకా పడమటికి పోయేకొద్దీ అసలు గింజే లేదు, వట్టి అభ్రకం తళుకు. రాయిలో గింజ పెరగడమేమిటి? దానికి నీళ్ళెవరు పోశారు? ఏళ్ళ తరబడి తౌడమ్మ బుర్ర గోక్కుంది.

ఒకరోజు కుమ్మరి దాలయ్య ఆవం విప్పుతుంటే అటుగా పోతూ ఆగి చూసింది. ఒకటే మట్టి, ఒకటే చెయ్యి. అంచున పెట్టిన కుండ పచ్చిగా ఉంది. కాస్త లోపలిది ఎర్రగా కాలింది. నట్టనడుమ ఉన్నది నల్లబడి, వేలితో కొడితే ఖంగుమంటోంది.

తౌడమ్మ గంప అక్కడే పడేసి పాకలోకి పరిగెత్తింది. వరసంతా వేళ్ళతో తడిమింది. ఇదంతా ఒక్క మట్టే! ఏ కాలంలోనో ఏ నీళ్ళ అడుగునో పేరుకున్న ఒండ్రు. నేల కడుపులోకి దిగింది. ఎంత లోతుకి దిగిందో అంత కాలింది, అంత నలిగింది. మళ్ళీ పైకొచ్చి కొండలై కూర్చుంది. మనం కట్టెలు కొట్టుకునే కొండ ఒకప్పుడు పాతాళంలో ఉడికిన బురద!

ఇంత మాట కడుపులో దాచుకోవడం ఎవరి తరం?

మొదట మరదలు పోలమ్మకి చెప్పింది. పోలమ్మ చేటలో చోళ్ళు చెరుగుతూ అంతా విని, "బాగుంది గాని వదినా, ఇందల బంగారవుందేటి?" అంది.

"నేదు."

తరవాత ఊరిపెద్ద సింగంనాయుడికి చెప్పింది. నాయుడు చుట్ట పక్కన పెట్టి మరీ విన్నాడు. "బాగుంది గాని తౌడమ్మా, ఇందల బంగారవుందేటి?" అన్నాడు.

"నేదు బాబూ, నేదు."

అప్పుడు తౌడమ్మ అనుకుంది, వీళ్ళకేం తెలుస్తుంది, దాలయ్యకి చెప్పాలి, మట్టి కాల్చేవాడు, తప్పకుండా తెలుస్తుందని. దాలయ్య పనాపి, చేతులు కడుక్కుని, పెచ్చు తీసుకుని ఎండలో అటూ ఇటూ తిప్పాడు. "అవునప్పా, అలగే కాలుతాది" అన్నాడు. తౌడమ్మ కళ్ళు వెలిగాయి. దాలయ్య ఇంకోసారి తిప్పి చూశాడు. "బాగుంది గాని అప్పా..." అన్నాడు.

"అడక్కు!" అని అరిచింది తౌడమ్మ.

"...ఇందల బంగారవుందేటి?"

అడిగేశాడు. ఏం చేస్తాం!

అక్కణ్ణుంచి తౌడమ్మకి ఒకటే పట్టుదల. కాలిన చివర తన ఊళ్ళోనే దొరికింది. పచ్చి చివర ఇంకా దొరకలేదు. అది తేవాలి. వరస పూర్తి చెయ్యాలి. ఒక్కరంటే ఒక్కరి చేత ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో తడిమించి, ఒక్క మట్టేనని వాళ్ళ నోటితోనే అనిపించుకోవాలి. చచ్చేలోగా ఆమెకి కావలసింది అదే. దానికోసం ఏటేటా ఇంకాస్త పడమటికి పోయేది. అలా ముప్పై ఏళ్ళు గడిచాయి. అరుగు మీద అరవైమూడు పెచ్చులయ్యాయి. మోకాళ్ళు అరిగిపోయాయి.

ఆఖరిసారి ఆమె వెళ్ళినప్పుడు ఊళ్ళో వాళ్ళు తెలివిగా ఆలోచించారు. వాళ్ళు తెలివిగా ఆలోచించినప్పుడల్లా ఇలాగే అయ్యేది. "ఏటీ నేదంటాది. ఏటీ నేకపోతే ముప్పయ్యేళ్ళు ఎందుకు మోసినట్టు?" అన్నాడు నాయుడు. అది నిజమేననిపించింది అందరికీ. పోలమ్మ పాక తడిక తీసింది. అరవైమూడు పెచ్చులూ రోట్లో పోసి దంచారు. చేటలో చెరిగారు. నీళ్ళలో కడిగారు. దంచి దంచి చేతులు బొబ్బలెక్కాయి. చివరికి మిగిలింది రెండు చేటల ఇసక.

నాలుగో రోజు తౌడమ్మ వచ్చింది. కుంటుకుంటూ వచ్చినా నవ్వుకుంటూ వచ్చింది. చెంగున పచ్చి చివర ఉంది. గోటితో గీస్తే గీత పడే రాయి. తడిపితే మట్టివాసన వస్తుంది. దాన్ని పట్టుకుని పాకలోకి పోయింది. ఖాళీ అరుగు చూసింది. బయటికొచ్చి చేటలు చూసింది.

చేటలోంచి పిడికెడు ఇసక తీసి పోలమ్మ ముందు పోసింది.  

"ముప్పయ్యేళ్ళే! సెప్పినాను గదే నేదని! ఒకపాలి సెప్పినానా, రెండుపాల్లు సెప్పినానా? సెవుల్లో ఏటి పోసుకున్నారు? ఒలే పోలీ, ఈ మోకాళ్ళతోటి నానింక ఎక్కడికెల్తానే?"

అని చతికిలబడి ఏడ్చింది. మంచం పట్టింది.

పోలమ్మకి మూడు రోజులు ముద్ద దిగలేదు. నాలుగో రోజు తిరగలి ముందు కూర్చుని తిప్పబోయి, చెయ్యి ఆపేసింది. తన పుట్టింట్లో ఉన్న తిరగలి గుర్తొచ్చింది. వదిన తెచ్చిన పెచ్చుల్లో ఒకటి దానిదే. పెచ్చు పోయింది గాని తిరగలి ఎక్కడికి పోతుంది? అరవైమూడు తిరగళ్ళూ అరవైమూడు వంటిళ్ళలో ఉన్నాయి! బొమ్మిగొంది కోడళ్ళంతా ఆ దారి పొడుగునా ఉన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే.

కోడళ్ళంతా పుట్టిళ్ళకి బయల్దేరారు. ఎవరి పుట్టింటి పెచ్చు వాళ్ళు తెచ్చారు, దారిలో ఉన్న ఊళ్ళవీ అడిగి తెచ్చారు. తెచ్చారంటే సవ్యంగా తెచ్చారనుకునేరు. ఒకామె ఏటిలో దొరికిన గుండ్రాయి తెచ్చింది. ఒకామె ఏకంగా పొత్రం మోసుకొచ్చింది. నాయుడైతే ఎక్కడిదో నున్నటి రాయి తెచ్చి, "ఇది సూడ్డానికి బాగుంది, మద్దిలో పెట్టు" అన్నాడు. తౌడమ్మ మంచం మీదనుంచే తిట్టని తిట్టు లేదు. ఒక్కొక్క పెచ్చూ చేతిలో పెడితే, తడిమి, "దీని ముందర కాదే, ఎనక! ఎనకంటే నీకు తెల్దేటి?" అనేది. అలా ఒంట్లో ఉన్న ప్రాణమంతా పెట్టి వరస దిద్దింది.

అరవై అయ్యాయి. మూడు రాలేదు. తౌడమ్మకి ఊపిరి అందడం లేదు.

పోలమ్మ అరుగు ముందు కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే వరస మొదట్లో పెట్టిన పచ్చి చివర, ఆ మట్టి రాయి మీద వేలు పెట్టింది. మెల్లగా జరిపింది. పలకలుగా లేచే రాయి. తళుకు. ఆవగింజ, కందిగింజ, రేగిపండు. కొసకి పోయి ఆగింది. మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ జరిపింది. 

"వదినా" అంది. "ఇదంతా ఒక్క మట్టేనే!"

తౌడమ్మ కళ్ళు తెరిచింది. "ముప్పయ్యేళ్ళు పట్టిందే నీకు" అంది విసుగ్గా. అదే ఆఖరి మాట. కాని ప్రాణం పోయాక ఆ ముఖంలో మాత్రం విసుగు లేదని పోలమ్మ అందరికీ చెప్పుకుని ఏడ్చేది.

ఆ మూడు పెచ్చులూ తరవాత వచ్చాయి. ఇప్పటికీ ఆ కొండ ఊళ్ళలో తిరగలికి కక్కు కొడితే మొదటి పెచ్చు పారెయ్యరు. తౌడమ్మదని పక్కన పెడతారు. కొత్త కోడలు కాపురానికొస్తే పుట్టింటి తిరగలి పెచ్చు కొంగున కట్టుకుని రావాలి. అరుగు దగ్గర దాని చోటు తనే వెతికి పెట్టాలి. తప్పు పెడితే అత్తలంతా ఒక్కసారే, "ఎనకంటే నీకు తెల్దేటి?" అంటారు.

ఆ వరస చూసి ఎవరైనా బంగారం మాటెత్తారా, వాళ్ళ చెయ్యి పట్టుకెళ్ళి మట్టి రాయి మీద వేలు పెట్టిస్తారు. "ఇక్కణ్ణుంచి రా" అంటారు. కొస దాకా వచ్చాక మళ్ళీ అడిగితే మళ్ళీ మొదటికి తీసుకుపోతారు. అడగడం మానేదాకా వదలరు.

అదిగో, ఆ వెనకాల కూర్చున్నాయన నోరు తెరుస్తున్నాడు. లే నాయనా, లే. ఇలా రా. వేలు ఇటివ్వు.