మల్లె వేళ్లు వెతికిన దారి

ఒకప్పుడు మొక్కలకు నడక వచ్చు. దాహం వేస్తే మట్టిలోంచి వేళ్లు పైకి లాక్కుని, వాగుదాకా నడిచి, కడుపునిండా తాగి వచ్చేవి.

కుమ్మరి గురవమ్మ వాకిట్లో ఒక మల్లె ఉండేది. ఓ ఎండాకాలం వాగు ఎండి దూరం జరిగింది. నీళ్లకు బయల్దేరిన మల్లెను దారిలో వడగాలి పట్టుకుంది.

"ఏమే సన్నకాళ్లదానా, ఎక్కడికి పరుగు?" అంటూ తోసేసింది. మల్లెకు కొమ్మ విరిగింది. కుంటుకుంటూ ఇల్లు చేరింది.

గురవమ్మ ప్రాణం ఉసూరుమంది. "ఇక నువ్వు కదలొద్దే తల్లీ. రోజూ పొద్దున్నే నేనే నీళ్లు పోస్తా" అని ఒక కుండీ చేసి, మల్లెను అందులో నాటింది.

"నువ్వు మరిచిపోతే, అవ్వా?"

"అందుకేగా అడుగున బెజ్జం పెట్టాను! వేళ్లు అందులోంచి బయటికి చాపి, తాబేలులా కుండీతో సహా నడిచిపో."

మల్లె నవ్వింది.

మర్నాడే వడగాలి మళ్లీ వచ్చింది. "ఓహో, కొత్త ఇల్లా!" అని కుండీని దొర్లించింది. అంచు పెచ్చు లేచింది.

గురవమ్మకు రోషం వచ్చింది. తన చేతి కుండ పడిపోవడమా? మొక్కను తీసి, అడుగున బరువైన రాళ్లు పేర్చింది. రాళ్లు కదలకుండా సందుల్లో బంకమట్టి మెత్తింది. మళ్లీ మల్లెను నాటి, కుండీని ఊపి చూసింది. కదల్లేదు.

"ఇప్పుడు రమ్మను దాన్ని!" అంది. బెజ్జం మూసుకుపోయిందని ఆమెకు తట్టనే లేదు.

ఆ వారం సంతలో నీళ్లకుండలకు గిరాకీ. ఒక్క పూటకని వెళ్లిన గురవమ్మ మూడు రోజులు ఉండిపోయింది. మల్లె గుర్తొచ్చినప్పుడల్లా, "దారి ఉందిగా, వెళ్లి తాగొస్తుందిలే" అనుకుంది.

తిరిగొస్తూ దూరం నుంచే చూసింది. కుండీ నిటారుగా ఉంది. "పడలేదు!" అని మురిసిపోయింది. దగ్గరికొచ్చాక గానీ మల్లెను చూడలేదు. ఆకులు వేలాడుతున్నాయి. మొగ్గలు మాడిపోయాయి.

గబగబా నీళ్లు పోసింది. "బయటికెందుకు వెళ్లలేదే?"

"దారి వెతికానవ్వా. ఎంత తిరిగినా గోడే తగిలింది."

గురవమ్మ రాయి తీసుకుని కుండీని తానే పగలగొట్టింది. లోపల వేళ్లు కుండీ ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పింది. విప్పినవి మళ్లీ చుట్టుకున్నాయి.

"నడువు తల్లీ, వాగుకు పోదాం" అంది.

మల్లె లేచింది. రెండడుగులు వేసి, ఉన్నచోటే గుండ్రంగా తిరిగి ఆగిపోయింది.

మిగతా మొక్కలు అది చూశాయి. మనుషులు తమనూ పెకలించి కుండీల్లో పెడతారని భయపడి, వేళ్లను నేలలోకి లోతుగా దించుకుని కదలడమే మానేశాయి.

గురవమ్మ మల్లెను అక్కడే నేలలో నాటి, బతికినన్నాళ్లూ పొద్దున్నే దానికి నీళ్లు పోశాకే తాను గుక్కెడు తాగింది. మల్లె మళ్లీ పూసింది. ఆమె మాత్రం ఒక్క పువ్వూ తలలో పెట్టుకోలేదు.

అప్పటినుంచే కుండీలో మొక్కల వేళ్లు గోడ వెంట గుండ్రంగా తిరుగుతూ పెరుగుతాయి. కుండీలోంచి తీసి చూడండి, ఇంకా వెతుకుతూనే ఉంటాయి.