గౌరీశ్వరి దాచిన తప్పు

సాలూరులో గౌరీశ్వరి అనే ఇల్లాలు ఉండేది. అన్ని భయాలకన్నా నలుగురూ నవ్వుతారేమోనన్న భయమే ఆమెకు ఎక్కువ.

పెళ్ళితో ఆగిపోయిన చదువును ఆమె నలభై దాటాక మళ్ళీ పట్టుకుంది. ఇంటి దగ్గరే చదివి డిగ్రీ పూర్తి చేసింది. తెలుగు టీచరు కావాలని పండిత శిక్షణలో చేరింది. "ఈ వయసులో పుస్తకాల సంచీ ఏమిటే? ఊరంతా నవ్వరూ?" అంది అత్తగారు. తరగతిలో అందరూ ఆమె కొడుకు ఈడువాళ్ళు. వాళ్ళు "ఆంటీ" అని పిలిచినప్పుడల్లా ఆమె ముడుచుకుపోయేది. సందేహం వచ్చినా అడిగేది కాదు. అడిగితే తనకు తెలియదన్న సంగతి బయటపడుతుందని భయం.

శిక్షణలో భాగంగా ఆమెను ఒక హైస్కూలుకు పంపారు. కొన్ని వారాలపాటు ఏడో తరగతికి తెలుగు చెప్పాలి. ఆఖరి వారంలో కాలేజీ నుంచి నరసింగరావు మాస్టారు వచ్చి పాఠం చూస్తారు. ఆయన సరేనంటేనే గట్టెక్కినట్టు.

మొదటిరోజు పిల్లల ముందు నిలబడగానే గౌరీశ్వరి అనుకున్న మాటలన్నీ మరిచిపోయింది. ఎలాగో పాఠం మొదలుపెట్టి, బోర్డు మీద "శతాబ్ధం" అని రాసింది. ముందు బెంచీలో హైమావతి చెయ్యెత్తింది. ఆ పిల్లకు మాటలంటే మహా ఇష్టం. ఏది తోస్తే అది అడిగేసేది.

"టీచర్, శతాబ్దంలో 'ద'కి ఒత్తు ఉండదు కదండీ?"

ఉంటుందో ఉండదో ఆ క్షణాన గౌరీశ్వరికి తోచలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"టీచరువి నువ్వా, నేనా?" అని అరిచింది. "ఉంటుంది. అలాగే రాసుకో. ఇంకోసారి మధ్యలో మాట్లాడావంటే బయట నిలబెడతాను!"

హైమావతి తలవంచుకుని కూర్చుంది.

ఇంటికి వెళ్ళి నిఘంటువు తీసి చూస్తే పిల్ల చెప్పిందే నిజం. గౌరీశ్వరి మర్నాడు దిద్దాలనుకుంది. తీరా బడికి వెళ్ళాక, 'ఒక్కసారి ఒప్పుకుంటే ఇక నా మాట ఎవరైనా వింటారా?' అనుకుని ఊరుకుంది. అది మొదలు హైమావతి కాస్త కదిలితే చాలు, ఏం అడుగుతుందోనని బెదిరిపోయేది. కాని హైమావతి మళ్ళీ చెయ్యెత్తలేదు. తెలిసిన ప్రశ్నకు కూడా నోరు విప్పలేదు. మెల్లగా మిగతా పిల్లలూ అడగడం మానేశారు. "పిల్లల్ని భలే అదుపులో పెట్టారే!" అన్నారు పక్క గది టీచరు. ఆ మెప్పు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

నరసింగరావు మాస్టారు వచ్చే రోజు రానే వచ్చింది. ఆయన వెనక కూర్చుని పాఠమంతా విన్నారు. తర్వాత ఇన్నాళ్ళూ చెప్పిన పాఠాల్లోని మాటలు పిల్లలచేత బోర్డు మీద రాయించసాగారు.

"నువ్వు రామ్మా. శతాబ్దం అని రాయి," అన్నారు హైమావతిని.

హైమావతి సుద్దముక్క పట్టుకుని టీచరు వైపు ఒకసారి చూసింది. టీచరు చెప్పినట్టే 'ద'కి ఒత్తు పెట్టి రాసింది.

"తప్పు కదమ్మా! ఎవరు చెప్పారిలా?"

పిల్ల బెదిరిపోయి వెనక్కి జరిగింది. "ఎవరూ చెప్పలేదండి. నాకే రాదండి."

గౌరీశ్వరి హైమావతి వైపు చూసింది. ఇన్నాళ్ళూ తాను మోసిన భయం ఇప్పుడు ఆ పిల్ల మొహంలో ఉంది. నోరు మెదపకపోతే తాను గట్టెక్కుతుంది. పిల్ల మాత్రం తనకేమీ రాదనే అనుకుంటుంది. గౌరీశ్వరి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆ అమ్మాయికి వచ్చండి. తప్పు నాది. మొదటిరోజే సరిగ్గా చెబితే నేనే కసిరి కూర్చోబెట్టాను," అంది. హైమావతి వైపు తిరిగి, "నువ్వు చెప్పిందే నిజం తల్లీ. భయపడి అరిచాను," అంది.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు మాత్రం మార్కులు తగ్గించారు. "మాట తప్పు రాసినందుకు కాదమ్మా, దిద్దడానికి ఇన్నాళ్ళు ఆగినందుకు," అన్నారు. అయినా ఎలాగో గట్టెక్కించారు.

మర్నాడు ఆమె బోర్డు మీద రాస్తుంటే, "టీచర్, అక్కడ దీర్ఘం పోయిందండి," అని సన్నటి గొంతు వినిపించింది. గౌరీశ్వరి గుండె మళ్ళీ దడదడలాడింది. అయినా వెనక్కి తిరిగి, "ఏదీ, వచ్చి దిద్దు హైమా," అంటూ సుద్దముక్క అందించింది.

తప్పు ఒప్పుకోవడానికి భయపడే గురువు పిల్లలకు ఆ భయాన్నే నేర్పుతాడు. నేర్పాలనుకునేవారు ముందు తమ తప్పు దిద్దుకోవడం నేర్చుకోవాలి.