గీత పడని నేల

పరాంకుశంగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ల మొహంలోకి చూసేవారు. వచ్చినవాడు తెలుసుకోవడానికి వచ్చాడో, తన తరఫున సాక్ష్యం చెప్పించుకోవడానికి వచ్చాడో ఆయనకు ఇట్టే తెలిసిపోయేది. తణుకులో సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చుని ఉపనిషత్తులు చెప్పించుకునే నలుగురైదుగురిలో గవర్రాజు ఒకడు. ఆ రోజు అతను చెప్పులు విడవకముందే అడిగాడు.

"తప్పు చేసినవాళ్ల మీద కోప్పడటం కూడా తప్పేనాండీ?"

పరాంకుశంగారు అతని మొహం చూశారు. "ఎవరి మీద?" అన్నారు.

గవర్రాజు చెప్పాడు. చెబుతుంటే కోపం మళ్లీ మొదటినుంచీ రాజుకుంది. కొత్తింటి హాల్లో వేయించడానికి, టేకు చెక్కలా కనిపించే వినైల్ పలకల కోసం రాజమండ్రిలో మూడు షాపులు తిరిగాడు. పై పొర మందంగా ఉంటేనే గీతలు పడవని ఎవరో చెబితే, నమూనా ముక్కల్ని తాళంచెవితో, రూపాయి బిళ్లతో, ఆఖరికి మేకుతో కూడా గీకి చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత పరీక్ష చేసి ఉండడు. అలాంటి నేల మీద, వేయించి ఇరవై రోజులైనా కాకుండానే, వాళ్లక్క కనకరత్నం వెలుతురు చాలడం లేదని తన కుట్టుమిషన్ను మూలనుంచి కిటికీ దాకా ఈడ్చింది. మూరెడు పొడవున నల్లటి చార! చూడగానే అతనికి ఒళ్లు మండిపోయింది.

"ఏమన్నావు?"

"సొంతిల్లుంటే తెలిసేది నీకు, అన్నానండీ. అంతే."

మొగుడు పోయాక పదకొండేళ్లుగా తమ్ముడి పంచన ఉంటూ, జాకెట్లు కుట్టి తన తిండి తానే సంపాదించుకుంటున్న మనిషిని అనవలసిన మాటేనా అది? అనేసి, పైగా అంతే అంటున్నాడు. ఆవిడ ఆ పూటే రెండు చీరలు సంచిలో పెట్టుకుని వెనక వీధిలో స్నేహితురాలి ఇంటికి వెళ్లిపోయింది. మిషను కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఉన్న ఒక్క అక్కా అలా వెళ్లిపోయినందుకు గవర్రాజుకు బాధ లేకపోలేదు. కానీ తప్పు తనది కాదని గురువుగారి చేత అనిపించుకుంటే గాని ఆ బాధ దిగేలా లేదు.

"పద, చూపించు," అన్నారాయన.

హాల్లో పరాంకుశంగారు నేల మీద కూర్చుని, కండువా అంచు తడిపి ఆ చార మీద రుద్దారు. నాలుగుసార్లు రుద్దేసరికి చార పోయింది. కింద గీత లేదు, గాటు లేదు. తర్వాత మిషను కాలు కాస్త పైకెత్తమన్నారు. ఇనుప కాలికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పురికొసతో బిగించి కట్టి ఉంది. నాలుగు కాళ్లకీ అలాగే ఉంది.

"ఇవి ఎవరు కట్టారు?"

ఆ ఇంట్లో అలాంటివి ఆలోచించి కట్టే మనిషి ఒక్కతే. నేల పాడవకూడదని ఆవిడ కట్టిన రబ్బరే ఈడ్చినప్పుడు నల్లగా అంటుకుంది. పరాంకుశంగారి మొహం ఎర్రబడింది.

"మేకుతో గీకి చూసినవాడివి, ఒక్కసారి గుడ్డతో తుడిచి చూడలేకపోయావా!" అని అరిచారు. ఇన్నేళ్లలో ఆయన గొంతు పెంచగా గవర్రాజు ఎప్పుడూ వినలేదు.

అతను ఆదరాబాదరాగా వెనక వీధికి వెళ్లాడు. కనకరత్నం వరండాలో కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది.

"అది గీత కాదక్కా, ఉత్త మరకే. తుడిస్తే పోయింది. ఇంక ఇంటికి రా," అన్నాడు.

ఆవిడ తలెత్తలేదు. దారం పళ్లతో తెంపి, "నిజంగా గీతే పడుంటే?" అంది. "అప్పుడేం చేసేవాడివిరా?"

గవర్రాజుకు మళ్లీ కోపం వచ్చింది. తనంతట తాను వచ్చి పిలిస్తే ఇంత పట్టుదలా అని అక్క మీద, కండువాతో తుడిచి తనను చిన్నబుచ్చిన గురువుగారి మీద, తాళంచెవికి లొంగని ఆ నేల మీద కూడా వచ్చింది. ఆ కోపంతోనే తిరిగొచ్చి అరుగు ఎక్కాడు.

"మరక పోయిందని చెప్పినా రావడం లేదండీ. నిజంగా గీతే పడుంటే ఏం చేసేవాడివి అంటోంది. దానికేం చెప్పమంటారు?"

పరాంకుశంగారు అతన్ని కూర్చోమనలేదు.

"అడిగింది నిన్నురా," అన్నారు. "నా గుమ్మం ఎందుకెక్కావు?"