మేనమామ చోటు

గవర్రాజు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. మండపేటలో ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అడిగినవాళ్ళని వెంటబెట్టుకుని ఎక్కడికో తీసుకెళ్తారు, ఏదో చూపిస్తారు. అర్థమైందా, సరే. కాలేదా, మర్నాడు మళ్ళీ నడవాలి.

ఆ ఆదివారం పొద్దున వీరవేణి వచ్చేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెళ్ళికి బయల్దేరుతున్నారు. వీరవేణి ఆయన పాత శిష్యురాలు. ఇప్పుడు ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో తాత్కాలికంగా ఇంగ్లీషు పాఠాలు చెబుతోంది. మర్నాడు హెడ్మిస్ట్రెస్ వెనక బెంచీ మీద కూర్చుని ఆమె పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే ఇంటికే. చెప్పాల్సిన పాఠం నౌన్ క్లాజు.

"నియమం నోటికొచ్చు మాస్టారూ. నౌన్ ఉండాల్సిన చోట్లో కూర్చునే వాక్యం. కానీ మొన్న బోర్డు మీద 'వాట్ హి సెడ్ హర్ట్ మీ' అని రాస్తే, నొప్పించింది 'హి' కదా టీచర్, అదే సబ్జెక్టు కదా అందో పిల్ల. నిజమేననిపించి అవునన్నాను. ఇంటికొచ్చాక సిగ్గుతో చచ్చిపోయాను. నొప్పించింది అతను కాదు, అతనన్న మాట. తన కర్తా తన క్రియా తనకే ఉన్న వాక్యం, ఇంకో వాక్యంలోకి వెళ్ళి ఒక్క పేరులా ఎలా ఒదిగిపోతుందండీ? రేపు మళ్ళీ అదే అడిగితే ఏం చెప్పను?"

మాస్టారు చెప్పులేసుకున్నారు. "పద, పెళ్ళికి."

వీరవేణికి ఒళ్ళు మండింది. రేపు తన కొంప మునగబోతుంటే ఈయనకి పప్పన్నం కావాల్సొచ్చిందా! అయినా వెనకే నడిచింది. ఆయన మాట కాదనే ధైర్యం ఆమెకి బళ్ళో చదివేటప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

పెళ్ళి పక్కవీధి నూకరత్నం కూతురు శ్రీలలితది. వెళ్ళేసరికి పందిట్లో ఒకటే గొడవ. ఆ వైపు ఆనవాయితీ ప్రకారం పెళ్ళికూతుర్ని వెదురు బుట్టలో కూర్చోబెట్టి, మేనమామ ఎత్తుకొచ్చి పీటల దగ్గర దించాలి. నూకరత్నానికి అన్నదమ్ములు లేరు, అక్కా ఇద్దరు చెల్లెళ్ళూ ఉన్నారంతే. అందుకని పెద్దలు ఎక్కణ్ణుంచో వరసైనవాణ్ణి ఒకణ్ణి వెతికి తెచ్చారు. ఆ మహానుభావుడు బుట్ట దగ్గరికొచ్చి, "ఇంతకీ పిల్ల పేరేంటండీ?" అనడిగాడు.

శ్రీలలిత బుట్టలోంచి లేచి నిలబడిపోయింది. "నాన్న పోయాక నన్ను పెంచింది మా పెద్దమ్మా పిన్నులూ. వాళ్ళెత్తితేనే వస్తాను" అంది. నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మగపెళ్ళివారిలో ఓ పెద్దాయన కుర్చీలోంచి లేచి, "ముగ్గురాడాళ్ళు మేనమామేంటండీ, చోద్యం కాకపోతే!" అన్నాడు. ముహూర్తం దగ్గర పడుతోంది. వీరవేణి తన గొడవ మరిచిపోయి, ఈ పిల్ల పెళ్ళి ఆగిపోతుందేమోనని బెంగపడింది.

పురోహితుడు సోమయాజులు గారు పళ్ళెంలో జీలకర్రా బెల్లం సర్దుకుంటూ తలెత్తకుండానే అన్నారు. "నాక్కావలసింది ఆ చోట్లో ఒక మేనమామ. చోటు నిండితే చాలు. లోపల ఎవరెవరున్నారో వాళ్ళింటి సంగతి."

అంతే, ముగ్గురూ కొంగులు బిగించారు. పెద్దమ్మ ముందు పట్టింది, పిన్నులిద్దరూ చెరోపక్కా పట్టారు. బుట్టతో పాటు తగువూ లేచింది. "నువ్వు కిందికి వంచేస్తున్నావే!" "నేనా? నీ వైపే ఒరుగుతోంది!" "నోళ్ళు మూసుకుని నేను చెప్పినప్పుడు అడుగెయ్యండి!" పెళ్ళికూతురు బుట్టంచులు పట్టుకుని పకపకా నవ్వుతోంది. పెద్దమ్మ అజమాయిషీ అంతా ఆ బుట్ట చుట్టూనే నడిచింది. పీటల దగ్గర దించాక ఆవిడా ముగ్గురిలో ఒకతే.

"మేనమామ వచ్చాడా?" అనడిగారు సోమయాజులు గారు.

"వచ్చాడు!" మూడు గొంతులూ ఒక్కసారే పలికాయి. పందిరంతా గొల్లున నవ్వింది.

మేనమామకి పెట్టాల్సిన పంచెల చాపు ఒకటే ఉంది. మూడు జతల చేతులు చాచి ఆ ఒక్కటీ అందుకున్నారు. ఇందాకటి పెద్దాయనకి ఇంకా మనసొప్పలేదు. "ఇంతకీ ఈ ముగ్గురిలో మేనమామ ఎవరండీ?" అన్నాడు.

"విడదీస్తే ఎవరూ కారండీ" అని సోమయాజులు గారు మంత్రం అందుకున్నారు.

వీరవేణికి చటుక్కున 'వాట్ హి సెడ్' గుర్తొచ్చింది, అక్కడా మూడు మాటలూ కలిస్తేనే కర్త. భోజనాల్లో మాస్టారి పక్కన కూర్చుని, విస్తట్లో చెయ్యి పెట్టకుండానే సంతోషంగా అందుకుంది. "మాస్టారూ, రేపు హెడ్మిస్ట్రెస్ కాదు, ఎవరొచ్చి కూర్చున్నా నాకు భయం లేదు. ఇలా మొదలుపెడతాను, ముందు నియమం రాసి, తర్వాత..."

"నియమం తర్వాత రాద్దువుగాని, ముందు ఈ పెళ్ళి సంగతి చెప్పు" అన్నారు మాస్టారు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "ఏ పిల్లయినా ఒక్క మాటని బయటికి లాగి ఇదేనా అనడిగితే, తొందరపడి అవుననకు. బుట్ట ఎవరెత్తారో అడుగు."